నూట తొంభై రెండు ముళ్లు

మా కొండరేవులో చేప తినడం తెలియని మనిషి లేడు. నడక రాని పిల్లలు కూడా ముల్లును నాలుకతో పక్కకు తోసి బయటికి ఊసేస్తారు. అలాంటి ఊరికి చేపలు తినిపించాలని ప్రభుత్వం వారికి బుద్ధి పుట్టింది. సముద్రానికి నలభై అడుగుల దూరంలో ఒక భోజనశాల కట్టి, కిటికీలన్నీ రోడ్డు వైపు పెట్టారు. సముద్రం వైపు గోడకు మాత్రం సముద్రం బొమ్మ వేయించారు. దానికి 'సాగర సంపద' అని పేరు పెట్టి, తీర ఆతిథ్యాభివృద్ధి సంస్థ చేతికి అప్పగించారు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు తపాలా శాఖలో పనిచేసి, ఈ ఊళ్లోనే పోస్టుమాస్టరుగా రిటైరైనవాణ్ణి. అర్థం లేని ఉత్తర్వు కనబడితే నాకు సొంతవాళ్లు కనబడ్డట్టు ఉంటుంది. కాబట్టి నేను చెప్పబోయేది ఓర్వలేక చెబుతున్నది కాదని ముందే మనవి చేసుకుంటున్నాను.

అసలు గొడవంతా ప్రారంభోత్సవం రోజునే మొదలైంది. మా ఊళ్లో చేప తినేటప్పుడు ఎవరూ మాట్లాడరు. ఎవరో పెట్టిన నియమం కాదది, తినే పద్ధతి. ఎంత గోలగా ఉన్న పంక్తి అయినా చేప వడ్డించగానే సద్దుమణిగిపోతుంది. సంస్థ మేనేజింగ్ డైరెక్టరు త్రినాథ ప్రసాద్ గారికి ఆ పద్ధతి తెలియదు. తెలిసినా పాటించి ఉండరు, ఎదురుగా మైకు ఉంది మరి. ఆయన ఒక చేత్తో పులుసన్నం కలుపుకుంటూ, రెండో చేత్తో మైకు పట్టుకుని, "మన తీరప్రాంత వంటకాలను ప్రపంచ పటంలో..." అన్నారు. ప్రపంచ పటం దగ్గర ముల్లు అడ్డుపడింది.

కళ్లు తేలేశారు. అధికారులు చుట్టూ చేరి వీపు మీద ఒకరి తర్వాత ఒకరు, హోదాల వరుసలో, చరిచారు. వంటింట్లోంచి వంటమనిషి తెడ్డు మసేనమ్మ పరుగెత్తుకొచ్చి, ఉత్త అన్నం నిమ్మకాయంత ముద్ద చేసి ఆయన నోట్లో పెట్టింది.

"నమలకండి బాబూ. ఒక్కపాలి మింగీయండి."

ఆయన మింగారు. ముద్దతోపాటు ముల్లు కిందికి దిగిపోయింది. గొంతు రాగానే ఆయన అన్న మొదటి మాట, "ఈమెకు వైద్యం చేసే అర్హత ఉందా?"

మర్నాడు మసేనమ్మకు మెమో వచ్చింది. 'పై అధికారి నోటియందు రాతపూర్వక అనుమతి లేకుండా ఆహారపదార్థమును ప్రవేశపెట్టినందులకు' సంజాయిషీ ఇవ్వమన్నారు. ఆ సంజాయిషీ నేనే రాసిపెట్టాను. అలాగే విచారణకు ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. ఒకాయన పట్టు పరిశ్రమ శాఖ నుంచి, ఇంకొకాయన కొండ ప్రాంత పూలతోటల శాఖ నుంచి వచ్చారు. మూడో పదవి ఖాళీగా ఉంది. ఇద్దరూ జన్మలో చేప ముట్టనివారు కాబట్టి నిష్పక్షపాతానికి లోటు లేదు.

కమిటీ నాలుగు నెలలు పరిశీలించి నివేదిక ఇచ్చింది. ప్రమాదానికి కారణం ముల్లు అనియు, ముల్లుకు కారణం చేప అనియు, సదరు చేప మరణించినందున దానిపై క్రమశిక్షణ చర్యలు సాధ్యం కావనియు అందులో తేల్చారు. చేప తింటూ మాట్లాడకూడదని ఊరివాళ్లు కమిటీకి చెప్పకపోలేదు. అది వాక్ స్వాతంత్ర్యానికి సంబంధించిన విషయం గనుక తమ పరిధిలోకి రాదని కమిటీ రాసుకుంది.

ఆ నివేదిక మీద వచ్చినవే 'ముల్లు నిర్వహణ నిబంధనలు'. వడ్డించిన పళ్లెంలో ఎన్ని ముళ్లు వెళ్లాయో అన్నీ వాపసు రావాలి. ఒక్కటి తగ్గినా దాన్ని ముల్లు లోటు అంటారు. లోటుకు బాధ్యురాలు వంటమనిషి. దీన్ని అమలు చేయడానికి ముల్లు పరిశీలకుడు అనే పోస్టు మంజూరు చేసి, కమిటీలోని పట్టు పరిశ్రమ శాఖాయన శశిభూషణం గారినే అందులో వేశారు. చేప గురించి రాసినవాడికి చేప గురించి తెలిసే ఉంటుందని వారి నమ్మకం.

శశిభూషణం గారు పనిమంతుడే. పట్టుపురుగుల దగ్గర పనిచేసిన చెయ్యి. కళ్లద్దాల మీద భూతద్దం పెట్టుకుని, చిన్న పట్టకారుతో ఉడికిన చేపలోంచి ఒక్కో ముల్లూ లాగి, పళ్లెంలో పేర్చి, లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకుని, మళ్లీ ఒక్కొక్కటే చేపలో గుచ్చేసేవాడు. లాగినవి లాగినట్టే ఉంచేయొచ్చుగా అని నేను ఒకసారి అడిగాను.

"అదెలా కుదురుతుందండీ?" అన్నాడాయన బాధగా. "బయట బోర్డు మీద 'సహజమైన చేప' అని ఉంది. ముళ్లు తీసేస్తే సహజత్వం దెబ్బతింటుంది."

మసేనమ్మ ఉద్యోగం కాంట్రాక్టు మీద. మెమోకు శిక్షగా ఆమెను ఏడాదిపాటు పరిశీలనలో పెట్టారు. ఏడాదిలో ఒక్క ముల్లు కూడా లోటు రాకపోతే పర్మనెంటు చేస్తారు. వస్తే ఇంటికి పంపిస్తారు. తుపానుకు వాళ్ల పడవ విరిగిపోయిన నాటి నుంచి ఆ ఇంటిని నడుపుతున్నది ఆమె తల్లి పోలమ్మ. అరవై ఎనిమిదేళ్ల వయసులో నెత్తిన చేపల గంప పెట్టుకుని కొండ మీది వీధులన్నీ ఎక్కి దిగుతుంది. మా ఇంటి గుమ్మంలో గంప దించినప్పుడల్లా ఒకటే మాట.

"పిల్లకి పరిమినెంటు అయిపోతే ఈ గంప దించీసి కూకుంటాను మేష్టరుగోరూ. మెడ ఒంగిపోతంది."

ఏడాది ఎలాగో గడిచింది. ఒక్క ముల్లూ లోటు రాలేదు. ఆఖరి రోజు సాయంత్రం పోలమ్మ ఉతికిన చీర కట్టుకుని మా ఇంటికొచ్చింది. కూతురు వండుతున్న చోట ఒక్కసారైనా కూచుని, కూతురు చేతి పులుసు తినాలని ఆమెకు ఆశ. ఆ గాజు తలుపులు తోసుకుని ఒంటరిగా వెళ్లాలంటే భయం. నేను నవ్వుతూ చెప్పులేసుకున్నాను. ఆ పని చేయకపోతే ఎంత బాగుండేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఏడు గంటలకు కూచున్నాం. వడ్డించే గోవిందు నెత్తిన తెల్ల టోపీతో వచ్చి ఒక ఫారం ముందు పెట్టాడు. 'దిగువ సంతకం చేసిన నేను, నాకు అప్పగించబడిన ముళ్లను యథాతథముగా వాపసు చేయగలనని హామీ ఇచ్చుచున్నాను.' పోలమ్మ వేలికి సిరా రాశాడు.

"ఏటి బాబూ, ఇల్లు రాసిచ్చేత్తన్నానేటి?" అంది పోలమ్మ.

"ఊరికేనమ్మా. రూలు" అన్నాడు గోవిందు.

ఆమె కవళ్ల పులుసు చెప్పింది, నేను వంజరం ముక్క చెప్పాను. కవళ్లు అంటే జానెడు పొడవుండే చిన్న చేపలు. ఒళ్లంతా వెంట్రుకల్లాంటి ముళ్లు. సంస్థవారి ముళ్ల పట్టికలో చేపకు తొంభై ఆరు చొప్పున రాశారు. పళ్లెంలో రెండు చేపలు. వంటింటి గాజు కిటికీలోంచి శశిభూషణం గారి వంగిన వీపు కనిపిస్తోంది. పులుసు వాసన మొదట ఘుమ్మని వచ్చింది. అరగంటకు సగమైంది. గంటకు పోయింది. గంటం బావుకు గోవిందు మూతేసిన పళ్లాలు తెచ్చాడు. మూతకు దారం కట్టి లక్క సీలు వేశారు. లక్క మాత్రం చాలా బాగా వేశారు, అది నేను ఒప్పుకుంటాను.

మూత తీస్తే చేప లేదు. చేప అయి ఉండాల్సిన చోట ముద్ద ఉంది. ముద్ద నిండా ముళ్లు నిలబడి ఉన్నాయి. పులుసు చల్లబడి పైన నూనె తెట్టు కట్టింది. పోలమ్మ వేలు ముంచి నాకి చూసింది. మొహం చిన్నబోయింది.

"మసేను సెయ్యేనా ఇది?"

"ఆ చెయ్యేనమ్మా. మధ్యలో ఇంకో చెయ్యి పడింది" అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కిటికీలోంచి కూతురు చూస్తోందని గమనించి, కొంగుతో కళ్లు ఒత్తుకుని, అన్నం కలుపుకుని వంచిన తల ఎత్తకుండా తినడం మొదలుపెట్టింది. నేను నా వంజరం ముక్కతో కుస్తీ పడుతున్నాను. రబ్బరులా సాగుతోంది. దాని పదకొండు ముళ్లనూ ఒక్కొక్కటే ఏరి పళ్లెం అంచున పెట్టుకోవడంలో మునిగిపోయాను. పదకొండోది పెట్టి తలెత్తేసరికి పోలమ్మ పళ్లెం కడిగినట్టుగా ఉంది.

వంగి బల్ల కింద చూశాను. "అమ్మా, ముళ్లేవి?"

"ముళ్లేటి?"

"చేపల్లో ముళ్లు."

"కవళ్లకి ముళ్లుంటాయేటి బాబూ!" అంది ఆమె ఆశ్చర్యంగా. "ముల్లూ సేపే. నమిలీడమే."

నిజమే. రేవులో కవళ్ల ముళ్లు ఎవరూ ఏరరు, కరకరా నమిలేస్తారు. మసేనమ్మ తల్లికి అన్నీ చెప్పింది. ఏ తలుపు తోయాలో చెప్పింది, ఎక్కడ కూచోవాలో చెప్పింది, ఫారం ఇస్తే భయపడొద్దని చెప్పింది. ముళ్లు నమలొద్దని మాత్రం చెప్పలేదు. ఊపిరి పీల్చొద్దని చెప్పాలని ఎవరికి తోస్తుంది? వంటింటి కిటికీలోంచి ఆ ఖాళీ పళ్లెం చూసి మసేనమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

గోవిందు ముళ్ల గిన్నె పట్టుకుని వచ్చి, పళ్లెం చూసి, గిన్నె కిందపడేశాడు. ఆ చప్పుడుకు శశిభూషణం గారు వచ్చారు. పళ్లేన్ని భూతద్దంతో చూశారు. "నూట తొంభై రెండు" అన్నారు నీరసంగా. "మొత్తం నూట తొంభై రెండూ లోటు." ఏడాదిలో ఒక్కటి పోతేనే ఉద్యోగం పోతుంది.

పై అంతస్తులో అతిథి గదిలో ఉన్న మేనేజింగ్ డైరెక్టరు గారికి కబురు వెళ్లింది. మర్నాడు జరగబోయే 'లోటు రహిత సంవత్సరం' సభ కోసం ఆయన ఆ మధ్యాహ్నమే దిగారు. వచ్చీ రాగానే కుర్చీ లాక్కుని నిబంధనల పుస్తకం తెరిచారు.

"నిబంధన పద్నాలుగు. వాపసు రాని ముల్లు భోక్త గొంతులో ఉన్నట్టుగా భావించవలెను."

"నూట తొంభై రెండూనా?" అన్నాను నేను.

"సంఖ్యకు పరిమితి పెట్టలేదండీ" అన్నారాయన.

ఎదురు వీధిలోని ప్రథమ చికిత్స కేంద్రం నుంచి ఒక డాక్టరమ్మను పిలిపించారు. ఆవిడ పోలమ్మ నోట్లో లైటు వేసి చూసి, గొంతులో ఏమీ లేదు, ఉన్న పళ్లన్నీ గట్టిగా ఉన్నాయని చెప్పి వెళ్లిపోయింది. మేనేజింగ్ డైరెక్టరు గారు పేజీ తిప్పారు.

"నిబంధన పదిహేను. గొంతులో లేనిచో, భోక్త తన వెంట తీసుకుపోవుచున్నట్టుగా భావించవలెను."

స్వీపరమ్మ చేత పోలమ్మ బొడ్డుసంచి వెతికించారు. నలభై ఏళ్లు ఊరంతటికీ చేపలు పోసిన మనిషిని, చేప ముళ్లు దొంగిలించిందని నలుగురి మధ్యా నిలబెట్టి వెతికించారు. నాకు ఒళ్లు మండిపోయింది. సంచిలో రెండు తమలపాకులు, వక్క, పొగాకు కాడ, ఒక పిన్నీసు దొరికాయి. పిన్నీసును పరిశీలకుడికి పంపారు. అది ముల్లు కాదని ఆయన రాతపూర్వకంగా ధ్రువీకరించారు.

ఈలోగా గోవిందు నా చెవి దగ్గర చేరాడు. "కంగారు పడకండి మేష్టారూ. నేను సర్దేస్తాను."

గిన్నెలు తోమే చోట తొట్టి వెనక ఒక పచ్చడి సీసా ఉంది. అందులో మెడ దాకా ముళ్లు. ఎవరి పళ్లెంలోనైనా ఒకటో రెండో ఎక్కువొస్తే అందులో వేస్తారట, తక్కువొస్తే అందులోంచి తీస్తారట. సంస్థవారి లోటు రహిత సంవత్సరమంతా ఆ సీసా మీదే నిలబడి ఉంది. గోవిందు గబగబా గుప్పెళ్లతో తీసి, కడిగి, బల్ల కింద దొరికాయంటూ గిన్నెలో పోసి తెచ్చాడు. శశిభూషణం గారు లెక్కపెట్టారు.

"నూట తొంభై నాలుగు" అన్నారాయన. "రెండు అదనం."

మేనేజింగ్ డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచారు. "లోటు అంటే అజాగ్రత్త. అదనం అంటే కుట్ర. రెండు ముళ్లు అధికముగా ఉన్నవంటే, అనధికారికమైన చేప ఒకటి ఈ ఆవరణలో ప్రవేశించినదన్నమాట. ఇందులో లోపలివారి ప్రమేయం లేకుండా ఉండదు." అంటూ మసేనమ్మ వైపు చూశారు.

మసేనమ్మ వంటింటి గుమ్మంలో కొంగు కొస నలుపుతూ నిలబడి ఉంది. పోలమ్మకు అప్పటికి కోపం నెత్తికెక్కింది.

"కుట్రేటి బాబూ, కుట్ర! ఒక సేప ఇలా తెండి. మీ కళ్లెదుటే తింతాను. సూసుకోండి."

మిగిలిన కవళ్లలోంచి ఒకటి తెచ్చారు. ముళ్లు లెక్కపెట్టనిది, పులుసులోంచి అప్పుడే తీసింది. ఏడాది తర్వాత ఆ హాల్లోకి వేడి చేప రావడం అదే మొదలు. పోలమ్మ తోక దగ్గర పట్టుకుని, కళ్లు మూసుకుని, కరకరా నమిలింది. మాట్లాడలేదు. తలకాయ చప్పరించి దాన్నీ నమిలేసింది. అయ్యాక రెండు చేతులూ చాచి చూపించింది. ఒక్క పొలుసు కూడా లేదు. శశిభూషణం గారు భూతద్దం తీసేసి ఉత్త కళ్లతో ఆమెనే చూస్తూ ఉండిపోయారు.

"కళ్లారా చూశాను" అన్నారు మేనేజింగ్ డైరెక్టరు గారు చివరికి. "ఈమె ముళ్లను తిన్న మాట వాస్తవమే. అయితే..." ఫారం తిప్పి మాకు చూపించారు. అందులో మూడే గడులు ఉన్నాయి: వాపసు, గొంతు, అపహరణ. "తిన్నారు అనడానికి గడి లేదు."

"ఇది భోజనశాల కదండీ?" అన్నాను.

"ఆ విషయం మా దృష్టికి వచ్చింది. కొత్త గడి పెట్టాలంటే ప్రధాన కార్యాలయానికి ప్రతిపాదన పంపాలి. ఆరు నెలలు పడుతుంది. ఈమె పరిశీలనా కాలం ఈ రోజుతో ముగుస్తోంది. కాబట్టి చింతిస్తున్నాము."

పోలమ్మ అప్పటిదాకా ఇది తన సంగతే అనుకుంది. కూతురి ఉద్యోగం తన నోట్లో నలిగిపోయిందని ఆమెకు అప్పుడు అర్థమైంది. "నా నోరు పడిపోను" అంటూ ఆయన కాళ్ల మీద పడబోయింది. "నానే తినీసినాను బాబూ, దాని తప్పు నేదు. కావాలంతే నన్ను జైల్లో ఎట్టీయండి. పిల్ల ఉజ్జోగం తీసీకండి."

అది నేను చూడలేకపోయాను. తపాలా శాఖలో నేర్చుకున్న విద్య ఒకటి నాలో లేచింది. జరిగింది మార్చలేకపోతే రాసింది మార్చాలి.

"అయ్యా," అన్నాను, "ఈవిడకు వడ్డించింది అసలు చేపే కాదని రాస్తే? చేప లేనప్పుడు ముల్లు ఉండదు. ముల్లు లేనప్పుడు లోటూ ఉండదు, అదనమూ ఉండదు."

మేనేజింగ్ డైరెక్టరు గారి మొహం వెలిగిపోయింది. నా చెయ్యి పట్టుకుని ఊపారు. "మీలాంటివారు మా సంస్థలో లేకపోవడం దురదృష్టం. ఏమి వడ్డించినట్టు రాద్దాం?"

"పనీర్" అన్నాడు గోవిందు.

అలా ఆ రాత్రి భోజనం పుస్తకంలో పనీర్ అయింది. సంవత్సరం లోటు రహితంగా ముగిసింది. వారానికి మసేనమ్మకు పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది. పోలమ్మ గంప దించేసింది. దాన్ని బోర్లించి కోడిపెట్టను కప్పడానికి వాడుకుంది. నా అంత తెలివైనవాడు లేడని నేను మురిసిపోయాను.

ఆ మురిపెం నెల తిరక్కుండానే పోయింది. ప్రధాన కార్యాలయం నుంచి పుస్తకాలు చూడడానికి వచ్చినవారు ఒక సందేహం లేవదీశారు. సంవత్సరమంతటిలో ముళ్ల గురించి ఏ రాతకోతలూ, ఏ అనుమానాలూ లేని పళ్లెం ఒక్కటే ఉంది, అదే ఆ పనీరు. అన్ని పళ్లాలూ అలాగే ఎందుకు ఉండకూడదు? వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: 'సురక్షితమైన చేపల భోజనము దృష్ట్యా, ఇకమీదట సాగర సంపదలో చేపకు బదులుగా పనీర్ వడ్డించవలెను.' బోర్డు మార్చలేదు. పనీరును చేప ఆకారంలో కోయమన్నారు.

అప్పుడింకో చిక్కు వచ్చింది. ముల్లు పరిశీలకుడి పోస్టు మంజూరైన పోస్టు. ముళ్లు లేకపోతే ఆయన ఏం పరిశీలిస్తాడు? మంజూరైన పోస్టును రద్దు చేయడం కంటే పనీరులో ముళ్లు పుట్టించడం తేలిక. గోవిందు పచ్చడి సీసాను అధికారికంగా స్టాకులోకి తీసుకున్నారు. పళ్లేనికి పన్నెండు ముళ్ల చొప్పున పొద్దున్న లెక్కపెట్టి వంటింటికి ఇస్తారు. వంటమనిషి వాటిని పనీరులో గుచ్చాలి. తిన్నవాళ్లు ఏరి వాపసు ఇవ్వాలి. కడిగి మళ్లీ సీసాలో వేస్తారు.

నేను నమ్మలేక ఒక సాయంత్రం వెళ్లాను. గాజు కిటికీ అవతల మసేనమ్మ టోపీ పెట్టుకుని, ఛాతీ మీద పేరు బిళ్లతో, స్కేలు పెట్టి కొలిచి ముళ్లు గుచ్చుతోంది. శశిభూషణం గారు పక్కన నిలబడి మెచ్చుకోలుగా తలాడిస్తున్నారు. ఆయన వీపు ఇప్పుడు నిటారుగా ఉంది. పనీరు ముక్క తెచ్చారు. ఉప్పు లేదు, కారం లేదు. పన్నెండు ముళ్లు ఏరి గిన్నెలో వేసి లేచాను. తిన్నదేదీ గుర్తులేదు, ఏరడమే గుర్తుంది.

"పులుసు పెట్టి ఎన్నాళ్లయింది మసేనూ?" అని అడిగాను వచ్చేటప్పుడు.

"ఆ గొడవెందుకు మేష్టారూ" అంది తల ఎత్తకుండా. "మాటాడించకండి. లెక్క తప్పిపోతాది."

రెండో వార్షికోత్సవం ఘనంగా చేశారు. ఉద్యోగుల కుటుంబాలను కూడా పిలిచారు. పోలమ్మ, నేను చివరి బల్ల దగ్గర కూచున్నాం. మేనేజింగ్ డైరెక్టరు గారు ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో పనీరు ముక్క పట్టుకుని, ముల్లు భయం లేని భోజనాన్ని దేశంలో మొదట ప్రవేశపెట్టిన ఘనత మనదేనన్నారు. "మన తీరప్రాంత వంటకాలను ప్రపంచ పటంలో..." అంటూ కొరికారు.

కళ్లు తేలేశారు. అధికారులు లేచి మళ్లీ వరుసలో వీపు చరిచారు. మళ్లీ లాభం లేకపోయింది. అప్పుడు అందరూ వంటింటి వైపు చూశారు. మసేనమ్మ అక్కడే ఉంది. పక్కనే అన్నం గిన్నె ఉంది. ఆమె కదల్లేదు.

"రాసియ్యండి బాబూ" అంది. "కిందటిపాలి రాత లేకుండా ఎట్టినాననే మెమో ఇచ్చినారు. రాసిస్తే ఎడతాను."

ఆ మాటలో కక్ష లేదు, ఎగతాళి కూడా లేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది. శశిభూషణం గారు కాగితం కోసం పరుగెత్తారు. 'అన్నం ముద్ద ప్రవేశపెట్టుటకు అనుమతించడమైనది' అని రాశారు. సంతకం చేయాల్సిన అధికారి మేనేజింగ్ డైరెక్టరు గారే. కళ్ల నీళ్లు కారుతుండగా, గొంతు పట్టుకుని, ఆయనే సంతకం పెట్టారు. మసేనమ్మ కాగితం అందుకుని చూసింది.

"నంబరు నేదు" అంది.

నంబరు వేసే గుమాస్తా సెలవులో ఉన్నాడు. మేనేజింగ్ డైరెక్టరు గారి మొహం వంకాయ రంగుకు తిరిగింది. ఇక పోలమ్మ ఆగలేదు. కుర్చీలు తోసుకుంటూ వెళ్లి, గిన్నెలోంచి అన్నం తీసి ముద్ద చేసి, ఆయన దవడ పట్టుకుని నోట్లో కుక్కింది.

"నమలక. మింగీ."

దిగిపోయింది. ఆయన నీళ్లు తాగారు, కండువాతో మొహం తుడుచుకున్నారు, మైకు అందుకున్నారు. "...పటంలో నిలబెడతాం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

పోలమ్మ చెయ్యి కడుక్కుని కూతురి దగ్గరికి వెళ్లింది. చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత మెల్లగా, బతిమాలుతున్నట్టు అంది.

"పదయే మసేనూ, ఇంటికెలిపోదాం. కవళ్లు పులుసెట్టినాను. నీకోసం వేడిగా ఉంచినాను."

మసేనమ్మ అప్పటికే మేనేజింగ్ డైరెక్టరు గారి పళ్లెం తెచ్చి నేల మీద పెట్టుకుని కూచుంది. పనీరు విడదీసి ముళ్లు వరసగా పేరుస్తోంది.

"ఉండవే అమ్మా. పదకొండే ఉన్నాయి. ఒకటి లోటొచ్చీసింది" అంది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

పోలమ్మ కాసేపు నిలబడి చూసి, తిరిగి వచ్చేసింది. నేను ఆమె వెంట వెళ్లాను. ఇంటికి చేరాక ఆమె నాకూ ఒక పళ్లెం పెట్టింది. కూతురి కోసం తీసిపెట్టిన చేపలు కూడా నాకే వేసింది. ఇద్దరం తిన్నాం. చేప తినేటప్పుడు మాట్లాడకూడదు కాబట్టి మాట్లాడుకోలేదు.